తొమ్మిదో రేకు

మొదటి దెబ్బ నాదే. ఇందులో దాచుకోవడానికి ఏమీ లేదు.

జర్మనీలోని ఇల్మెనౌలో మేం నలుగురం కలిసి ఉండే ఇంటి వంటగదిలో జరిగింది. స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను. నా రూమ్మేట్ ఫోన్ చూసుకుంటూ, నవ్వుకుంటూ లోపలికి వచ్చాడు. గుంటూరు వైపు వాడు. చదువులో నాకంటే నాలుగు ఆకులు ఎక్కువే చదివాడు, వంట బాగా చేస్తాడు, నోరు మాత్రం ఊరుకోదు.

"ఏరా, మాస్టర్స్ చేద్దామని వచ్చి రేకు డబ్బాలకి రంగులేస్తున్నావంటగా?" అని ఫోన్ నా మొహం ముందు పెట్టాడు.

వీడియో. నేను పార్ట్ టైమ్ పనిచేసే వర్క్‌షాపు కిటికీలోంచి తీశాడు. వంగి కూర్చుని రేకు మీద కుంచె ఆడిస్తున్నాను. నాలుక కొస బయట పెట్టి ఉన్నాను, చిన్నపిల్లాడిలా. దాన్ని మన తెలుగు స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద నవ్వు బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. వాటి మధ్య మా ఊరివాడే ఒకడు రాశాడు: "వాళ్ల నాయిన గూడ పెయింటరే గద."

చేతిలో కత్తి ఎప్పుడు కింద పెట్టానో నాకు గుర్తు లేదు. పెట్టినందుకు ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను. పిడికిలి వాడి ముక్కు మీద పడింది. లోపల పచ్చి కొమ్మ విరిగిన చప్పుడు వినిపించింది. వాడు ఫ్రిజ్‌కు కొట్టుకుని, జారి, కింద కూర్చున్నాడు. ఫ్రిజ్ తలుపుకు మేం అంటించుకున్న పుట్జ్‌ప్లాన్ మీద, అంటే ఏ వారం ఎవరు ఇల్లు ఊడవాలో రాసుకున్న కాగితం మీద, రక్తం చిమ్మింది. నా పేరు ఉన్న గడిలోనే పడింది. ఇంకోటి కొడదామని వంగాను. మిగతా ఇద్దరూ వెనక నుంచి పట్టుకున్నారు.

వాడు నాకంటే మంచివాడు. ముక్కుకు టవల్ అడ్డం పెట్టుకుని అన్నాడు: "పోలీసులకి చెప్పన్లే. చెప్తే నీ వీసా పోద్ది, ఆ పాపం నాకెందుకు? కానీ ఈ ఇంట్లో మాత్రం ఉండొద్దు. వారంలో ఖాళీ చెయ్." ఇంటి కాంట్రాక్టు వాడి పేరు మీదే ఉంది. ఖాళీ చేశాను.

ఆ చలికాలం సెమిస్టర్‌కు మనవాళ్లు బస్సుల కొద్దీ దిగినట్టు దిగారు. ఇంత చిన్న ఊళ్లో అన్ని గదులు ఎక్కడివి? ఒకరి హాల్లో ఇంకొకరు పరుపు వేసుకున్నారు. ఒకతను రోజూ పక్క ఊరి నుంచి రైల్లో క్లాసుకు వచ్చేవాడు. ఎవరు ఎదురుపడినా హలో అనేది పోయి "రూమ్ దొరికిందా, టెర్మిన్ దొరికిందా" అనేదే పలకరింపు అయింది. టెర్మిన్ అంటే ఆఫీసువాళ్లు ఇచ్చే అపాయింట్‌మెంట్, అది నాకు దొరికింది. వీసా పొడిగింపుకు, సరిగ్గా మూడు వారాల్లో. గది లేదు. ఈ దేశంలో ఎక్కడ ఉంటున్నావో ఊరి ఆఫీసులో నమోదు చేసుకోవాలి, దాన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి యజమాని సంతకం పెట్టిన కాగితం కావాలి. ఆ కాగితం లేకుండా వెళ్తే వీసా పొడిగించరు. పొడిగించకపోతే చదువు సగంలో వదిలేసి విమానం ఎక్కడమే. మూడు వారాలు నా కళ్ల ముందు ఆ ఒక్క సంతకం తప్ప ఇంకేమీ లేదు.

ఆ సంతకం పెట్టగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. వర్క్‌షాపు ముసలాయన.

ఆయన దగ్గర నేను చేరి అప్పటికి రెండు నెలలు. యూనివర్సిటీ క్యాంటీన్ గోడ మీద చేత్తో రాసిన కాగితం చూసి వెళ్లాను. "వణకని చేయి కావాలి" అని మాత్రం ఉంది, కింద ఒక అడ్రసు. ఆయన పాత ఫోనోగ్రాఫులు బాగుచేస్తాడు. ఫోనోగ్రాఫ్ అంటే గ్రామఫోనుకు అన్న. పళ్లెం బదులు మైనపు గొట్టం తిరుగుతుంది, పువ్వులాగా విచ్చుకున్న బాకాలోంచి పాట వస్తుంది. ఆ బాకాలు చాలావరకు రేకువే. కొయ్య బాకా కొనలేని ఇళ్ల కోసం, రేకు మీదే ఓక్ చెక్క లాగా గీతలు, సిరలు వేసి అమ్మేవాళ్లట. ఆ మాట ఆయన చెప్పగానే నాకు పకపకా నవ్వు వచ్చింది. ఆయనకు అర్థం కాలేదు. ఏడు సముద్రాలు దాటి వచ్చినా నా నుదుటన రేకే రాసి ఉంది, ఆ సంగతి ఆయనకు ఎలా చెప్పను?

మా నాయిన పెయింటర్. గోడలకు సున్నం కొట్టే పెయింటర్ కాదు, రేకు తలుపును టేకు తలుపు చేసే పెయింటర్. మా కరీంనగర్ వైపు టేకు కొనే తాహతు లేనివాళ్లు ఇనప తలుపు పెట్టించి, దాని మీద వుడ్ డిజైన్ వేయించుకుంటారు. పాత సైకిల్ ట్యూబు ముక్క అంచుకు బ్లేడుతో పళ్లు చెక్కి, తడి రంగు మీద లాగితే చెక్క గీతలు పడతాయి. బొటనవేలికి గుడ్డ చుట్టి ఒక్కసారి తిప్పితే చెక్కలో ముడిలాగా కన్ను పడుతుంది. దూరం నుంచి చూస్తే వడ్రంగులు కూడా మోసపోయేవాళ్లు. అంత చేయి మా నాయినది. ఆ చేయే ఇంట్లో మా మీద లేచేది. ఆయన చుక్క ముట్టిన మనిషి కాదు. తాగి కొడితే తప్పు సీసా మీదికి నెట్టొచ్చు, మాకు ఆ వీలు కూడా లేదు. "దెబ్బకు దయ్యం గూడ దిగుతది" అనేవాడు. మా ఇంట్లో దయ్యాలకు కొదవ లేదు మరి, రోజూ దించేవాడు.

ఏడో తరగతిలో ఒక తలుపు అడుగు భాగం నాకు అప్పజెప్పాడు. చెక్కలో గోపురాల్లా ఒకదాని మీద ఒకటి లేచే గీతలు ఉంటాయి కదా, వాటిని నేను కొసలు కిందికి వచ్చేట్టు వేశాను. ఆయన వచ్చి చూశాడు.

"చెట్టు మొదలు యాడుంటదిరా?"

"కింద."

"నువ్వు యాడ వెట్టినవ్?"

మాకు అదొక పట్టింపు. వడ్రంగి దర్వాజా నిలబెట్టేటప్పుడు చెట్టు మొదలు భూమి వైపే రావాలి, కొస పైకే పోవాలి. చెట్టును తలకిందులు చేస్తే ఆ ఇల్లు నిలవదంటారు. కొయ్యకే కాదు, కొయ్య బొమ్మ వేసిన రేకుకు కూడా మా నాయినది అదే చట్టం. కుంచె తిరగేసి, కట్టె వైపుతో నా కుడిచేతి కణుపుల మీద కొట్టాడు. ఒకటి కాదు, పది కాదు. అమ్మ అడ్డం వచ్చింది. ఆమెను రెండు చేతులతో నూకాడు. ఆమె తల పోయి దర్వాజా అంచుకు తగిలింది.

సర్కారు దవాఖానలో మూడు కుట్లు పడ్డాయి. డాక్టర్ ఎలా తగిలిందని అడిగాడు.

"బాత్రూంల జారి పడ్డ సారూ," అంది అమ్మ.

ఆయన నా వైపు తిరిగాడు. "నిజమేనారా?"

"అవ్ సార్. పడ్డది," అన్నాను, వాచిన చేయి వీపు వెనక దాచుకుని. బయట బెంచీ మీద మా నాయిన చేతికంటిన రంగును కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. నేను మొక్కగా ఉన్నప్పుడే వంగాను. ఆ రోజు నుంచి మొదలు కిందికి, కొస పైకి అనేది నాకు ఆలోచించి చేసే పని కాదు. నా చేతికి నా కంటే ముందే తెలుసు.

ముసలాయన సంగతికి వస్తాను. డెబ్బై దాటిన మనిషి. పొడవు, ఎండిన కట్టె. ఆయన కుడిచేయి వణికేది. కాఫీ కప్పు పట్టుకుంటే సాసర్ పళ్లు కొరికినట్టు టకటకలాడేది. జబ్బు అని డాక్టర్లు చెప్పారు. జబ్బంటే ఆయన ఒప్పుకోడు, ఆ చేయి కావాలనే తనను మోసం చేస్తోందంటాడు. కుంచె పట్టుకుంటాడు, గీత వంకర పోతుంది, వెంటనే ఆ చేతిని బల్ల అంచుకేసి బాదుతాడు. మాట వినని గొడ్డును బాదినట్టు. కణుపులు నల్లగా కమిలి ఉండేవి. ఒకరోజు రంగు కలిపిన గాజు గ్లాసు గోడకేసి కొట్టాడు. పెంకు వచ్చి నా చెవి పక్క కోసింది. ఆయన చూసి, అల్మరాలోంచి ప్లాస్టర్ తీసి బల్ల మీద పెట్టి, మళ్లీ పనిలో పడ్డాడు. నాకు భయం వేయలేదు. సొంతింటికి వచ్చినట్టు ఉంది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం.

ఇంట్లోంచి పంపేశారని చెప్పి, సంగతి మొత్తం చెప్పాను. ముక్కు విరగ్గొట్టిన సంగతి కూడా. ఆయన నా పిడికిలి వైపు చూశాడు.

"పైన గది ఉంది. పడుకో," అన్నాడు. "కాగితం మీద సంతకం మాత్రం ఇప్పుడు పెట్టను. నీకంటే ముందు ఒకడు వచ్చాడు. సంతకం పెట్టించుకున్నాడు, మర్నాటి నుంచి కనబడలేదు. నువ్వు ఆ తొమ్మిదో రేకు పూర్తి చెయ్యి. ఆ రోజు పెడతాను."

నేను ఇచ్చిన కాగితాన్ని బల్ల వెనక గోడకు మేకుతో కొట్టాడు. కుంచె తీయడానికి తలెత్తినప్పుడల్లా అది కనిపించేది.

తొమ్మిదో రేకు అంటే, ఆయన ఇంటి సొంత బాకా. వర్క్‌షాపులో మిగతావన్నీ ఎవరెవరివో. అదొక్కటే ఆయనది. తొమ్మిది రేకులు కలిపి అతికిన పువ్వు లాంటి బాకా. గీతలు ఆయన తండ్రి చేత్తో వేసినవి. వాటిలో ఒక రేకు తుప్పు పట్టి చిల్లులు పడితే, ముసలాయన కొత్త రేకు కోసి అతికాడు. రంగు వేద్దామనుకునేలోపే చేయి వణకడం మొదలైంది. ఎనిమిది రేకులు ఓక్ చెక్క, ఒక రేకు ఉత్త పసుపు. ఆ బాకాను అలా సగం పనిలో చూస్తూ చావడం తనకిష్టం లేదన్నాడు. ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆయన గొంతులో కోపం లేదు.

పని ఎలాగంటే, అడుగున పసుపు రంగు వేసి ఆరనివ్వాలి. ముందురోజే గిన్నెలో పోసి గాలి పోనిచ్చిన బీరులో గోధుమరంగు పొడి కలపాలి. నూనె రంగు కాదు, బీరే. వందేళ్లుగా ఇక్కడ ఇలాగే చేస్తారట. మా నాయిన వింటే ఉమ్మేసేవాడు. ఆ బీరు రంగును పల్చగా పులిమి, సన్న కుంచెతో గోపురం గీతలు తీసి, అది ఆరేలోపు జానెడు వెంట్రుకలున్న వెడల్పాటి కుంచెతో దాన్ని కొట్టాలి. గీయడం కాదు, కొట్టడమే. టప్ టప్ టప్ అని కింది నుంచి పైకి. ఆ దెబ్బలకు రంగు చిట్లి, చెక్కలో ఉండే సన్నని రంధ్రాలు వస్తాయి. అన్నిటికీ కలిపి ఏడెనిమిది నిమిషాలు. తర్వాత ఆరిపోతుంది. నచ్చకపోతే బాధ లేదు. మీద వార్నిష్ పడేదాకా అది నీళ్లకు కరిగే రంగే. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతుంది, మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఈ సంగతి గుర్తుంచుకోండి. మేమిద్దరం గుర్తుంచుకోలేదు.

కొట్టడం దగ్గరే నాకు పేచీ వచ్చింది. నా దెబ్బకు రంధ్రాలు రావడం లేదు, మరకలు పడుతున్నాయి. మొదటి వారం పాత రేకు ముక్కల మీద ఎన్ని చేశానో, ఎన్ని తుడిచానో లెక్క లేదు. ఒకరోజు ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"అది నీకేం అపకారం చేసింది?"

"ఏది?"

"రేకు. దాన్ని చంపేటట్టు కొడుతున్నావు. చేయి కాదు, కుంచె బరువే దెబ్బ. నువ్వు ఎత్తడం మాత్రం చెయ్యి, పడడం దానికి తెలుసు."

ఆ మాట అన్న మనిషి పది నిమిషాల తర్వాత ఒక స్క్రూ ఊడి రాలేదని డబ్బా మొత్తం నేలకేసి కొట్టాడు. స్క్రూలన్నీ నేనే ఏరాను. అయినా ఆయన చెప్పింది నిజమే. రెండో వారం చివరికి చేయి తేలికైంది. ముక్కల మీద ఓక్ చెక్క రావడం మొదలైంది. ఆయన మెచ్చుకోలేదు. తిట్టలేదు కూడా, నాకు అదే పండగ.

టెర్మిన్‌కు రెండు రోజులు ఉందనగా, మధ్యాహ్నం, బాకాకే వేద్దామన్నాడు. దాన్ని బల్ల మీద బోర్లించాం. వెడల్పు మూతి కిందికి ఉంటేనే అది కదలకుండా నిలబడుతుంది. మిగతా ఎనిమిది రేకుల మీద రంగు పడకుండా పాత న్యూస్‌పేపర్లు కప్పి టేపు వేశాం. నా ముందు ఉన్నది ఒక్క పసుపు రేకు. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. ఆయన నా వెనక స్టూల్ మీద కూర్చున్నాడు. ఊపిరి నా మెడకు తగులుతోంది.

నేను మొదలుపెట్టాను. ఆ ఏడెనిమిది నిమిషాల్లో నేను ఉన్నట్టు లేదు. గీతలు నీళ్లలా నడిచాయి. కుంచె ఎత్తాను, పడింది. ఎత్తాను, పడింది. రంధ్రాలు వాన చినుకుల్లా, ఎక్కడ ఉండాలో అక్కడే వచ్చాయి. ఆరిపోయాక చూపుడువేలితో తాకి చూశాను. అంత మంచి పని నేను అంతకుముందు చేయలేదు, ఆ తర్వాతా చేయలేదు. మా నాయిన అప్పటికి చనిపోయి ఏడాది అయింది. ఆయన చూస్తే బాగుండు అనిపించింది. అనిపించినందుకు కోపం కూడా వచ్చింది.

ముసలాయన లేచి కాగితాలు లాగేశాడు.

తొమ్మిది రేకులూ ఒక్కసారి బయటపడ్డాయి. ఎనిమిది రేకుల్లో గోపురాల కొసలు వెడల్పు మూతి వైపు ఉన్నాయి. పువ్వు కాడ నుంచి రేకు పెరిగినట్టు, సన్నటి మెడ దగ్గర మొదలు, విచ్చుకున్న మూతి దగ్గర కొస. నా రేకులో అంతా తలకిందులు. పక్క రేకులు కప్పి ఉన్నంతసేపూ అది ఆయనకూ తట్టలేదు. లావుగా ఉన్నది చెట్టు మొదలు, అది కిందనే ఉండాలి, కొస పైకి పోవాలి. మా ఊళ్లో ఎవరిని అడిగినా అలాగే వేస్తారు. మూడు వారాలు ఆ ఎనిమిది రేకులను రోజూ చూశాను. చూసింది కన్ను, వేసింది చేయి.

"తలకిందులు!" అని అరిచాడు. "తలకిందులు వేశావు, గాడిదా!"

నా చేతిలోంచి పెద్ద కుంచె లాక్కున్నాడు. తిరగేశాడు. కట్టె వైపుతో నా కుడిచేతి కణుపుల మీద కొట్టాడు.

వణికే చేయి. పెద్ద దెబ్బ కూడా కాదు. కానీ అదే కట్టె, అదే చోటు, అదే తప్పు. నాకు పన్నెండేళ్లో, ఇరవై ఆరేళ్లో ఆ క్షణం తెలియలేదు. రెండు చేతులూ ఎత్తి ఆయన ఛాతీ మీద పెట్టి నూకాను. ఉన్న బలమంతా పెట్టి నూకాను. ఆయన వెనక్కి పడ్డాడు. తల వెనక భాగం బల్లకు బిగించిన వైస్‌కు, రేకులను కదలకుండా పట్టే ఇనప పట్టుకు, తగిలింది. ఆ చప్పుడు ముక్కు విరిగిన చప్పుడు లాంటిది కాదు. బోలుగా ఉంది. కొబ్బరికాయ కొట్టే ముందు తట్టి చూస్తాం కదా, అలా ఉంది. నేల మీదికి జారాడు. తెల్ల జుట్టులోంచి రక్తం మెడ వెంబడి చొక్కాలోకి పోయింది.

ఇక్కడితో ఆగితే నూకానని చెప్పి ఊరుకునేవాణ్ణి. ఆగలేదు. నేల మీది కుంచె తీసుకుని ఆయన మీదికి వంగాను. రెండో దెబ్బకు చేయి లేచింది. ఆయన మోచేతులు రెండూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, మోకాళ్లు కడుపులోకి లాక్కున్నాడు. ఆ పడుకునే తీరు నాకు బాగా తెలుసు. ఏ ఎముకకు ఏది అడ్డం పెట్టాలో తెలిసినవాడు పడుకునే తీరు అది. డెబ్బై ఏళ్లు దాటినా ఒళ్లు మర్చిపోలేదు. ఆయన్ను చిన్నప్పుడు ఎవరు కొట్టారో నేను ఎన్నడూ అడగలేదు. బల్ల మీద ఆయన తండ్రి వేసిన ఎనిమిది రేకుల వైపు చూస్తే అడగాల్సిన పని లేదనిపించింది.

కుంచె పారేసి 112కు ఫోన్ చేశాను.

అంబులెన్స్‌లో ఇద్దరు వచ్చారు. ఒకామె గాయానికి గుడ్డ అదిమి పెట్టి, ఏం జరిగిందని అడిగింది. నేను నోరు తెరిచాను. చెప్పేద్దామనే తెరిచానని అనుకుంటాను. ఖాయంగా చెప్పలేను, ఎందుకంటే నా కళ్లు గోడ మీది కాగితం వైపు ఉన్నాయి.

"పడ్డాను," అన్నాడు ముసలాయన. "స్టూల్ ఎక్కి పడ్డాను."

ఆమె స్టూల్ వైపు చూసింది. నా చేతుల వైపు చూసింది. నా కణుపులు ఎర్రగా ఉన్నాయి. నేను చేయి వీపు వెనక్కి పెట్టుకున్నాను.

"నిజమేనా?" అని నన్ను అడిగింది.

"అవును. పడ్డాడు," అన్నాను.

వాళ్లు వెళ్లాక వర్క్‌షాపులో ఒక్కణ్ణే మిగిలాను. నేల కడిగాను. తర్వాత గుడ్డ తడిపి, తొమ్మిదో రేకు మీద ఒక్కసారి తుడిచాను. మొత్తం పోయింది. కొసా పోయింది, మొదలూ పోయింది, పసుపు రేకు కొత్తగా నవ్వుతూ నిలబడింది. ఇంతే. ఒక మనిషి తల పగలడానికి ముందు చేయాల్సింది ఇంతే, గుడ్డ తడపడం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు వెన్నతో పెట్టిన విద్య. బాకాను మూతి పైకి వచ్చేట్టు స్టాండుకు తగిలించి, మెడ దగ్గర మొదలు పెట్టి, మూతి వైపు కొసలు తీశాను. చేయి అస్సలు వణకలేదు. అది నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

మర్నాడు సాయంత్రం ఆయన టాక్సీలో వచ్చాడు. తలకు కట్టు. నన్ను పలకరించకుండా బాకా దగ్గరికి పోయి, చుట్టూ తిరిగాడు. ఏది నా రేకో చూపుకు ఆనలేదు. చివరికి లోపల చేయి పెట్టి, అతుకు తడిమి కనుక్కున్నాడు.

మేకు మీది కాగితం తీసి బల్ల మీద పరిచాడు. కుడిచేతిలో పెన్ను, ఆ చేయి కదలకుండా ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరం సంతకం చేశాడు. కాగితం నాకు ఇచ్చాడు.

"పై గది నీదే. చదువు అయ్యేదాకా ఉండు," అన్నాడు. "కింది తలుపు తాళం రేపు మార్పిస్తున్నాను. లోపలికి ఇక రావద్దు."

సరే అన్నాను. ఇంకేమైనా అనాల్సింది. క్షమించమని జర్మన్‌లో రెండు రకాలుగా చెప్పడం నాకు వచ్చు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని మెట్లెక్కాను.

ఆ కాగితంతో అన్‌మెల్డుంగ్ అయింది, అన్‌మెల్డుంగ్‌తో టెర్మిన్ అయింది, వీసా వచ్చింది. చదువు పూర్తయింది. ఇప్పుడు స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం, జేబులో బ్లూ కార్డు, ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే పర్మిట్. రోజూ ఎస్-బాన్ రైల్లో నిలబడి వెళ్తాను. ఎవరు కాళ్లు తొక్కినా మాట అనను. టీంలో మనవాళ్లు "అన్నా, మీకు కోపమే రాదా?" అంటారు. నవ్వి ఊరుకుంటాను. ఏడాదిన్నర ఆ పై గదిలో ఉన్నాను. మెట్లు దిగేటప్పుడు తలుపు అవతల ఆయన ఆ చేతిని బల్లకేసి బాదుకోవడం వినిపించేది. నేను ఒక్కసారి కూడా తలుపు తట్టలేదు.

ఒక్కటి చెప్పడం మిగిలింది. వీసా వచ్చిన సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. సంతోషపడింది. పక్కింటివాళ్లకు వినబడేలా గట్టిగా సంతోషపడింది. నా నోట విని విని ముసలాయన ఆమెకు తెలిసిన మనిషి అయిపోయాడు.

"పెద్దాయిన మంచిగున్నడా బిడ్డా? కాయితం ఇచ్చినందుకు కాళ్లు మొక్కినవా?"

"మంచిగనే ఉన్నడు. మొన్న పడ్డడమ్మా. తలకు కుట్లు పడ్డయి."

మా నాయిన బతికున్నన్నాళ్లూ ఏ డాక్టర్‌కూ, ఏ చుట్టానికీ, సొంత తల్లికి కూడా నిజం చెప్పని మనిషి ఆమె. పడ్డాననే ఆ ఒక్క మాట వెనక దాగి పాతికేళ్లకు పైగా కాపురం చేసింది. ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చినా ఆమె చెవి పట్టుకుంటుందని నాకు తట్టలేదు.

"పడ్డడా?" అంది మెల్లగా. "నువ్వు నూకినవా?"

నా కుడిచేయి దానంతటదే వీపు వెనక్కి పోయింది. ఆమె రెండోసారి అడగలేదు. తిన్నావా అని అడిగి, నేను తిన్నానన్నాక, పెట్టేసింది.